తీయించని స్కాను

మా కోడలు నాకు పరాయి పిల్ల కాదు. నా తమ్ముడి పెద్దకూతురు. అది పుట్టిన పదకొండో రోజునే నా కొడుక్కని అనేసుకున్నాం. పిల్ల ఎదుగుతుంటే అందరూ దాని కళ్ళు బాగున్నాయనేవాళ్ళు. నాకు మాత్రం దాని ముక్కు మీద గురి. పదేళ్ళప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి, కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పైకి తీసి వాసన చూసేది. "అత్తా, ఈ మూల అడుగున చెమ్మ ఉంది, తిరగేయించు" అనేది. తిరగేయిస్తే నిజంగానే ఉండేది. పైన ఎర్రగా నిగనిగలాడుతూ అడుగున బూజు మొదలైన కుప్పని ముక్కుతో పట్టుకునే పిల్ల నా ఇంటికొస్తోందని మురిసిపోయాను.

మా ఆయన పోయాక పదహారేళ్ళు సేద్యం నేనే చేయించాను. నల్లరేగడిలో పత్తి, బోరు కింద మిరప. నాలుగో తరగతిలో బడి మానేసినా, గుంటూరు యార్డుకి మిరపకాయలు కుక్కిన బస్తాలు, టిక్కీలు తోలించి, కాటా దగ్గర నిలబడి, చీటీ చదివి చూసుకున్నాకే సంతకం పెట్టేదాన్ని. కమీషన్ వ్యాపారి నాకు మంచినీళ్ళిచ్చినా ఎందుకిచ్చాడా అని ఆలోచించేదాన్ని. అక్కడ ఊరికే ఎవరూ పలకరించరు. ప్రతి పలకరింపులోనూ ఎవడికో వాటా ఉంటుంది. ఇంట్లో కూడా అంతే గట్టిగా ఉండేదాన్ని. నూనె కవరు కోసి, వేడినీళ్ళు పోసి ఆ జిడ్డునీళ్ళు కూడా పప్పులో పోయించేదాన్ని. టిక్కీలు కుట్టిన పురికొస విప్పి చుట్టగా చుట్టి దాచేదాన్ని. ఊళ్ళోవాళ్ళు పిసినారి అనుకునేవాళ్ళు. అనుకోనీ అనుకున్నాను. అలా గట్టిగా ఉండబట్టే పొలం నిలిచింది.

పెళ్ళయిన నాలుగో ఏడు కోడలికి తుమ్ములు పట్టుకున్నాయి. అప్పటికి దానికి ఏడాదిన్నర పాప. మిరపకాయలకి ముచ్చికలు తీసే రోజుల్లో మా ఊళ్ళో తుమ్మని మనిషి ఉండదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

"మిరపకాయల్లో పుట్టి పెరిగి ఇప్పుడు తుమ్ములేమిటే, కొత్తగా పట్నం నించి దిగినట్టు?" అని నేనే ఎకసెక్కం చేశాను.

తుమ్ములు పోయి ముక్కు దిబ్బడ వచ్చింది. నోటితో ఊపిరి పీల్చేది. మాట్లాడితే బిందెలో నించి మాట్లాడినట్టుండేది. ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆ పొయ్యి పక్కనే కూర్చుని నింపాదిగా వంకాయలు తరుగుతోంది. దొడ్లోంచి నేను పరిగెత్తుకొచ్చాను.

"ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే?"

తలెత్తి నాకేసి చూసింది. "వాసన తెలియట్లేదత్తా. ఆరు నెలలయింది."

"ఆరు నెలల నించీ చెప్పకపోతే ఎట్టా?"

"తిడతావని."

అప్పుడూ తిట్టాను. తిట్టి, మర్నాడు పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కించాను.

అప్పటికి పేటలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు కొత్తగా వచ్చాడు. హైవే పక్కన, జిన్నింగు మిల్లుల అవతల చిన్న ఆస్పత్రి. మూతి మీద మీసం సరిగ్గా రాని కుర్రాడిలా ఉన్నాడు. సన్నటి గొట్టం ముక్కులో పెట్టి, లోపలి బొమ్మ టీవీలో చూపించాడు. తెల్లద్రాక్ష గుత్తిలా, నీరు నిండినట్టున్న కండ రెండు పక్కలా వేలాడుతోంది. కోడలు భయపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఇది కేన్సరు కాదమ్మా, భయపడకండి" అన్నాడు. "మందులు వాడదాం. తగ్గకపోతే ఇదే గొట్టంతో చూస్తూ లోపలి కండ తీసేస్తాను. పైన కోత ఉండదు. కానీ దానికి ముందు గుంటూరులో సీటీ స్కాన్ తీయించుకురావాలి."

"ఇప్పుడు టీవీలో చూశారుగా బాబూ, మళ్ళీ స్కానెందుకు?"

విసుక్కోలేదు. కాగితం తీసి తల బొమ్మ గీశాడు. ముక్కు పక్క గోడకి అవతలే కన్ను ఉంటుందన్నాడు. ముక్కు పైకప్పు మీదే మెదడు కూర్చుని ఉంటుందన్నాడు. "గొట్టంతో కండ ముఖమే కనిపిస్తుంది, దాని వెనకాల గోడ ఎలా ఉందో కనిపించదు. ఆ గోడ అందరికీ కాగితమంతే ఉంటుంది. కొందరికి అక్కడక్కడా అసలు ఉండదు. ఎవరికి ఎలా ఉందో కత్తెర లోపల పెట్టాక తెలుసుకుంటే లాభం లేదు, ముందే తెలియాలి. ఎక్స్‌రేలో అది తెలియదు. స్కాన్‌లో ముక్క ముక్కగా కనిపిస్తుంది."

నాకు అర్థం కాలేదని చెప్పను. శుభ్రంగా అర్థమైంది. కానీ ఆయన చీటీ రాసిచ్చినప్పుడు, ఆ చీటీ అడుగున గుంటూరు స్కాన్ సెంటరు పేరూ చిరునామా అచ్చు వేసి ఉన్నాయి. నా చూపు అక్కడే ఆగిపోయింది. పలానా కొట్లోనే కొనమని అచ్చేసిన చీటీ ఇచ్చేవాణ్ణి నేను జన్మలో నమ్మలేదు. ఓహో, ఇక్కడా వాటాలేనా అనుకున్నాను. ఆయన చెప్పిందంతా ఆ ఒక్క పేరు కింద కొట్టుకుపోయింది.

చీటీ మడిచి బొడ్లో దోపుకున్నాను.

మూడు వారాలు మందులు వాడినా ముక్కు తెరుచుకోలేదు. మళ్ళీ పేట వెళ్ళిన రోజు కోడల్ని గుంటూరు బస్సు ఎక్కించలేదు. బస్టాండు వెనక సందులో ఉన్న ఎక్స్‌రే కొట్టుకి తీసుకెళ్ళాను. అక్కడ కాళ్ళు విరిగినవాళ్ళు, క్షయ అనుమానం ఉన్నవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఫొటో తీసే అతను కోడలి గడ్డాన్ని పలకకి ఆనించి, "నవ్వక్కర్లేదమ్మా, పెళ్ళిచూపుల ఫొటో కాదు" అన్నాడు. అది నవ్వేసింది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

బయటికొచ్చాక పెద్ద కవరు నా చేతిలో చూసి అడిగింది.

"అత్తా, డాక్టరుగారు స్కాన్ అన్నారు, గుంటూరు అన్నారు. ఇదేనా?"

"ఇదే."

"గుంటూరు వెళ్ళక్కర్లేదా?"

"ఎక్కడ తీస్తేనేం? నీ తల ఒకటేగా. పద, పాప ఏడుస్తుంటుంది."

మరి అడగలేదు. నేను చెప్తే అయిపోయినట్టే దానికి. చిన్నప్పటి నించీ అంతే.

డాక్టరు ఆ ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, "ఇది ఎక్స్‌రే అమ్మా" అన్నాడు. కోడలు అప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉంది. నేను బేరానికి దిగాను. పత్తి బేరానికి కూడా అంత పట్టుగా కూర్చోలేదేమో.

"స్కానుకి వెళ్తే వారం తర్వాత రమ్మన్నారు బాబూ. పిల్లకి ఊపిరాడట్లేదు, పాలిచ్చే తల్లి. కండ మీకు కళ్ళెదురుగా కనిపిస్తానే ఉందిగా, తీసెయ్యండి. మీ వల్ల కాదంటే చెప్పండి, ఒంగోల్లో ఇంకో డాక్టరున్నాడంట, అక్కడికి తీసుకెళ్తాం."

వారం తర్వాత రమ్మన్నారన్నది అబద్ధం. ఒంగోలు డాక్టరు కూడా అబద్ధమే. ఆ కుర్రాడు చాలాసేపు ఫిల్మునే చూస్తూ కూర్చున్నాడు. కొత్తగా ఆస్పత్రి పెట్టినవాడు, వచ్చిన మనిషి వెళ్ళిపోతుందంటే కష్టం. ఆ సంగతి తెలిసే ఆ మాట అన్నాను. "సరే, కింద కనిపించేంత వరకే తీస్తాను, పైకి వెళ్ళను" అన్నాడు చివరికి. మెట్లు దిగుతూ నాలో నేను గెలిచాననుకున్నాను.

ఆపరేషన్ రోజు నేనూ నా కొడుకూ బయట కూర్చున్నాం. గంటలో అయిపోతుందన్నారు. రెండు గంటలయింది. నర్సు పరుగులాంటి నడకతో వెళ్ళి రావడం మొదలుపెట్టింది. డాక్టరు బయటికొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. కుడి పక్క రక్తం ఆగలేదనీ, ఎక్కువ లోతుకి వెళ్ళకుండానే ఆపేశాననీ, కుడి కన్ను వాచిందనీ, ఉన్నపళంగా గుంటూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలనీ అన్నాడు. ఎడమ పక్క ముట్టుకోలేదన్నాడు.

లోపలికి వెళ్ళి చూశాను. కుడి కన్ను నల్లగా ఉబ్బి, గుడ్డు బయటికి తోసుకొచ్చి, రెప్ప మూసుకోవడం లేదు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. "అత్తా, ఎవరో కంట్లో బొటనవేలు పెట్టి నొక్కుతున్నారు, తియ్యమను" అంటోంది.

టాక్సీ దొరికేసరికి ఎంతసేపయిందో. ఆ రోజు హైవే నిండా పత్తి లారీలు. డాక్టరు కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు, ఆ మాట చెప్పాలి. దారి పొడుగునా వెనక్కి తిరిగి దాని కంటి ముందు వేళ్ళు ఆడిస్తూ "ఎన్నమ్మా? ఎన్ని?" అని అడుగుతూనే ఉన్నాడు. మొదట రెండంది. యడ్లపాడు దాటాక "నీడలాగుంది" అంది. గుంటూరు చేరేసరికి ఏమీ అనలేదు.

లోపల నెత్తురు నిండి కంటి నరాన్ని నొక్కేసిందన్నారు. కన్ను పక్కన కోసి నెత్తురు వదిలారు. వాపు తగ్గింది. గుడ్డు లోపలికి వెళ్ళింది. చూస్తే మామూలు కన్నులాగే ఉంటుంది. చూపు మాత్రం రాలేదు.

మూడో రోజున మా తమ్ముడు ట్రాక్టరు నిండా మనుషుల్ని వేసుకుని పేట ఆస్పత్రి మీదికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఒరేయ్ డాక్టరూ! నా బిడ్డ ముక్కు బాగుచెయ్యమంటే కన్ను పీకుతావంట్రా? చదివే వచ్చావా, దొంగ బోర్డు పెట్టావా?"

కాంపౌండరు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు. వెనకనించి డాక్టరే ముందుకొచ్చాడు. "స్కాన్ రాసిచ్చానండీ. తీయించుకురాలేదు. అయినా చెయ్యకుండా ఉండాల్సింది, తప్పు నాదే" అన్నాడు.

మా తమ్ముడు నా వైపు తిరిగాడు. "ఏం అక్కా, స్కాన్ తీయించారా లేదా?"

ఎక్స్‌రే కవరు నా సంచిలోనే ఉంది.

"తీయించాం" అన్నాను.

డాక్టరు నన్ను చూశాడు. కాదని అరవలేదు. ఆ కవరు విప్పమని అడగలేదు. కిటికీ అద్దాలు పగిలేటప్పుడు కూడా నా వైపే చూస్తూ నిలబడ్డాడు. రెండు నెలలకి ఆ ఆస్పత్రి తలుపుకి తాళం పడింది. ఏ ఊరు వెళ్ళాడో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

తర్వాత ఏడేళ్ళు గడిచాయి. కోడలు ఒంటికంటితోనే పత్తి తీసింది, వంట చేసింది. బిందెలోంచి నీళ్ళు గ్లాసులో పొయ్యబోతే మొదట్లో పక్కన పడేవి. గ్లాసు అంచుకి వేలు ఆనించి పొయ్యడం నేర్చుకుంది. ఎవరైనా కుడి పక్క నించి పలకరిస్తే తల మొత్తం తిప్పి చూసేది. పాపకి ఎవరూ చెప్పలేదు గానీ, అప్పట్నించీ తల్లికి ఎడమ పక్కనే నడిచేది. ఊళ్ళో ఎవరైనా అయ్యో అంటే, "నా రాత, ఎవరేం చేస్తారు" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని లేచి వెళ్ళేదాన్ని. దాని తలకి నూనె రాసి నేనే దువ్వేదాన్ని. మంచి చీరలు కొనేదాన్ని. "అత్తకేమయిందో, చెయ్యి వదులయింది" అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు.

ఎడమ పక్క ముట్టుకోని కండ మాత్రం పెరుగుతూనే ఉంది. ఆపరేషన్ మాటెత్తితే కోడలు వణికిపోయేది కాబట్టి ఏదో ఒక మందుతో నెట్టుకొచ్చాం. ఏడో ఏడు పత్తి తీతల్లో దాని ఎడమ కన్ను నీరు కారడం మొదలైంది. తర్వాత ఆ కన్ను కొంచెం బయటికీ, పక్కకీ జరిగినట్టు కనిపించింది. ఒకరోజు నన్ను గుమ్మంలో చూసి, "ఇద్దరు అత్తలు కనిపిస్తున్నారు" అంది నవ్వుతూ. దానికున్నది ఆ ఒక్క కన్నే.

గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. యాభై ఏళ్ళుంటాయి, నుదుట పెద్ద బొట్టు, మాట కటువు. కండ, చీము కలిసి ఎడమ కంటి గోడని నెడుతున్నాయనీ, వదిలేస్తే ఈ చూపూ పోతుందనీ చెప్పింది. ఆపరేషన్ చెయ్యక తప్పదు. చేసేటప్పుడు పొరపాటు జరిగినా అదే కన్ను.

"ముందు మందులు వేసి వాపు తగ్గిద్దాం. వాపు మీద స్కాన్ తీస్తే అంతా తెల్లగా కనిపిస్తుంది, దారీ గోడా తెలియవు" అంది. పది రోజుల తర్వాత స్కాన్ చీటీ రాసింది. దాని అడుగునా ఏదో పేరు అచ్చు వేసే ఉంది. నేను చదవలేదు. రెండు చేతులతో తీసుకున్నాను.

స్కాన్ గదిలో కోడల్ని బోర్లా పడుకోబెట్టి, గడ్డం ముందుకి ఆనించి తల వెనక్కి వంచమన్నారు. అలా తీస్తే మొహాన్ని నిలువునా ముక్కలు కోసినట్టు కనిపిస్తుందట. మెడ నొప్పిగా ఉందా అని అడిగితే, "కంచె మీద తొండలాగా ఉన్నానా?" అని ఎదురడిగింది. ఆ యంత్రం చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

డాక్టరమ్మ ఆ ఫిల్ములు దీపాల పెట్టె మీద తగిలించి, మా ముగ్గురినీ లోపలికి పిలిచింది. కోడలు స్టూలు మీద, నేను దానికి కుడి పక్క కుర్చీలో, నా కొడుకు వెనకాల. చిన్న చిన్న చదరాల్లో మా కోడలి తల వరసగా ఉంది, ముందు నించి వెనక్కి. ముందుగా ఫిల్ము మీద పేరు, ఏ పక్క ఏ అక్షరం ఉందో చూసి, కోడలి మొహంతో సరిపోల్చుకుంది. "ఫిల్ములో మన ఎడమ చేతి వైపు ఉన్నది ఆవిడ కుడి పక్క. ఇది తారుమారైతే అన్నీ తారుమారే" అంది. తర్వాత ఒక్కో చదరం మీద ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ పోయింది. ఇది ముక్కు పైకప్పు, ఒక పక్క కన్నా ఒక పక్క కిందికి ఉంది. ఇది వెనకాల కంటి నరం వెళ్ళే దారి. ఇది కంటి గోడ.

కుడి పక్క గోడ దగ్గర తెల్లటి సన్న గీత వచ్చి వచ్చి ఒకచోట తెగిపోయింది. ఆ సందులోంచి కంటి పక్కనుండే కొవ్వు ముక్కులోకి జారి ఉంది. నాలుగో తరగతి దాకా చదివిన నాకు కూడా ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపించింది. సంచి కుట్టు విప్పి నడుమనించి పిడికెడు తీసి చూడందే విత్తనం కొనని దాన్ని, లోపల చూడకుండా కోడలి తలలోకి ఇనుము పంపించాను. అది వెళ్ళిన చోటు అదే.

"ఈ పక్క గోడ ఆ ఆపరేషన్‌లోనే తెగిందా, పుట్టుకతోనే అక్కడ ఖాళీ ఉందా అన్నది నాకు కావాలి" అంది డాక్టరమ్మ. "పుట్టుకతో ఉంటే ఎడమ పక్క కూడా అలాగే ఉండొచ్చు. ఎడమ పక్క కండ నిండిపోయి ఇక్కడ గీత ఉందో లేదో తేలడం లేదు. అప్పటి స్కాన్ ఉంటే పోల్చి చూస్తాను. తీశారా?"

"తీశారండి" అంది కోడలు వెంటనే. "మా అత్త తీయించింది. తెమ్మంటారని తెచ్చాం కూడా." వెనక్కి తిరిగి నా కొడుకు చేతిలో కవరు తీసి ఇచ్చింది. ఏడేళ్ళుగా బీరువా పైన జాగ్రత్తగా దాచింది దాన్ని.

డాక్టరమ్మ ఫిల్ము బయటికి లాగి ఒక్కసారి చూసి పక్కన పెట్టింది. "ఇది ఎక్స్‌రే. స్కాన్ ఏది?"

"అదేనండి."

"కాదమ్మా. స్కాన్ వేరే ఉండాలి. అది దొరికేదాకా ఆగుదాం. ఆ డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కోండి, ఆయన దగ్గరుండొచ్చు."

నా కొడుకు సెల్లు తీశాడు, మా తమ్ముడికి చేసి వెతికించడానికి. అక్కడ ఎదురుగా ఎడమ కన్ను నీరు కారుతూ, రోజురోజుకీ పక్కకి జరుగుతూ ఉంది. లేనిదాని కోసం వీళ్ళు ఎన్ని రోజులు వెతుకుతారు?

"వెతకొద్దు" అన్నాను. "స్కాన్ లేదు. తీయించలేదు."

నా కొడుకు సెల్లు నొక్కుతూ ఆగిపోయాడు.

"ఆయన రాసిచ్చాడు. ఎందుకో కూడా చెప్పాడు. కమీషన్ కోసమనుకున్నాను. పేటలో ఎక్స్‌రే తీయించి, దాంతోనే చెయ్యమని పట్టుబట్టాను. చెయ్యకపోతే ఒంగోలు పోతామని బెదిరించాను. ఆ చీటీ పొయ్యిలో వేశాను."

నా కొడుకు "అమ్మా" అన్నాడు. తర్వాత "ఆయన ఆస్పత్రి పగలగొట్టాం కదమ్మా" అన్నాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కోడలు కదల్లేదు.

"ఆ రోజు బస్టాండు దగ్గర నిన్ను అడిగాను."

"అడిగావు."

"ఇదేనా అన్నాను."

"అన్నావు. ఇదేనని చెప్పాను."

నేను దాని కుడి పక్క కూర్చున్నాను. ఎవరు ఆ పక్క నించి పలికినా తల మొత్తం తిప్పి చూసేది. అప్పుడు తిప్పలేదు. దీపాల పెట్టె మీద ఆ తెగిన గీతనే చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ ఆ ఎక్స్‌రే మళ్ళీ కవర్లోకి తోసింది. "సరే. పాతది లేదని తెలిసింది కదా, ఇంకా సన్నటి ముక్కలుగా మళ్ళీ తీద్దాం, రెండు దిక్కుల నించీ" అంది. మర్నాడే తీశారు. ఎడమ పక్క కూడా ఒకచోట గోడ లేదు. మెంతిగింజ పట్టేంత ఖాళీ. కత్తెర తగలని చోట కూడా అలా ఉందంటే, కుడి పక్కదీ పుట్టుకతోనే అయ్యుండొచ్చని చెప్పింది. అంటే ఆ రోజు స్కాన్ తీసి ఉంటే కనిపించేది.

ఆపరేషన్ కాగితం మీద బంధువుల సంతకానికి నర్సు నా వైపు కాగితం జరిపితే, కోడలు దాన్ని తన వైపు లాక్కుంది. "ఆయన పెడతారండి" అని మొగుణ్ణి పిలిచింది.

ఫిల్ములన్నీ ఆపరేషన్ గదిలో దీపాల పెట్టె మీద వరసగా పెట్టించింది డాక్టరమ్మ. ఎడమ కన్ను మీద గుడ్డ కప్పకుండా వదిలేసి, అది కదిలినా ఉబ్బినా చెప్పడానికి ఒక మనిషిని పక్కన నిలబెడతానంది. గోడ లేని చోట కొంచెం కండ అలాగే వదిలేస్తాననీ, శుభ్రంగా తియ్యాలన్న పంతం అక్కడ పనికిరాదనీ కోడలికి ముందే చెప్పింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. మొక్కుకోలేదు. మొక్కుకునే మొహం లేదు.

మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చి, "చూపు ఉంది" అంది. నా కొడుకు గోడకి మొహం ఆనించి ఏడ్చాడు.

కన్ను నెలలో తన చోటికి వచ్చింది. వాసన కూడా కొంచెం కొంచెంగా వచ్చింది. ఆ సంగతి నాకు పాప వచ్చి చెప్పింది.

కోడలు నన్ను తిట్టలేదు. పుట్టింటికి వెళ్ళిపోలేదు. తెల్లారి కాఫీ ఇస్తుంది, జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది. అత్తా అనే పిలుస్తుంది. ఒక్కటి మాత్రం అడిగింది, ఆస్పత్రి నించి వచ్చిన వారానికి. "మా నాన్నకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

మా తమ్ముణ్ణి పిలిపించాను. అరుగు మీద కూర్చోబెట్టి మొదటినించీ చెప్పాను. పూర్తయ్యేదాకా విన్నాడు. కాఫీ గ్లాసు ముట్టుకోకుండా లేచి, చెప్పులేసుకుని, "ఆ పిల్లోడి కాలరు పట్టుకున్నాను గదక్కా" అన్నాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పేట వెళ్ళి ఆ డాక్టరు కోసం నేనే వాకబు చేశాను. ఆ మేడలో ఇప్పుడు పురుగుమందుల కొట్టు ఉంది. ఎవరో దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. అక్కడికీ వెళ్ళాను. ఆయన కాదు, వేరే మనిషి.

ఆరు నెలలకోసారి కోడలు గుంటూరు వెళ్ళి ముక్కు చూపించుకోవాలి. కండ మళ్ళీ మొలుస్తుందేమోనని ఇప్పటికీ చూస్తూనే ఉంటారు. మొదటిసారి నేను చీర మార్చుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అది ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"నువ్వెందుకత్తా ఎండలో. నేను వెళ్ళొస్తాను."

"ఒక్కదానివే ఎట్టా వెళ్తావే? రోడ్డు దాటాలి."

"దాటుతాలే."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పిందో, ఏం రాసిచ్చిందో దాని మొగుడికి చెప్తుంది. నేను అడిగితే, "బాగానే ఉందంట" అంటుంది. చీటీ మాత్రం నా చేతికి ఇవ్వదు. మడిచి తన పెట్టెలో పెట్టుకుంటుంది.